బయానా ఇచ్చే ముందు

రోహిణి కార్తెలో మేస్త్రీ దొరకడం కష్టం. మృగశిర రాకముందే మిద్దె కారకుండా చేసుకోవాలని మోమిన్‌పేట్ చుట్టుపక్కల ఏ ఊరు చూసినా నాలుగిళ్లు తొందరపడుతుంటాయి. ఒకరిది స్లాబ్ పగులు, ఒకరివి పలిగిన రేకులు, ఇంకొకరికి వంటింటి గోడంతా చెమ్మ. పదిహేను రోజుల్లో వానలనగా బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? "ఎంతయితే అంతాయె, ముందుగాల పని మొదలువెట్టు" అంటాం. ఆ ఒక్క మాటతో ధర, గడువు, సరుకు నాణ్యం మూడూ అవతలి మనిషి చేతికి అప్పగించినట్టే.

అందుకే ఇంటి మరమ్మతు మాటలు సంక్రాంతి దాటగానే మొదలుపెట్టమంటాను. ఉగాదికి అటూ ఇటూగా పని ముగిసిపోవాలి. తొందరలో లేని మనిషిని మోసం చేయడం తేలిక కాదు.

ఇంటిపని పేరుతో మనల్ని ముంచేది చాలాసార్లు ముక్కూమొహం తెలియనివాడు కాదు. బావమరిది ఊరివాడు, పక్కింటాయనకు స్లాబ్ పోసినవాడు, పెళ్లిలో మన పక్కనే కూర్చుని భోంచేసినవాడు. అలాంటి మనిషిని "రాసుకుందాం, సంతకం పెట్టు" అనడానికి నోరు రాదు. బస్తాలు ఎన్ని వచ్చాయని అడగాలంటే ఏదోలా ఉంటుంది. మోసానికి తలుపు తీసేది మన అమాయకత్వం కంటే ఈ మొహమాటమేనని నా గట్టి నమ్మకం. సిమెంటు లెక్క తెలియకపోతే ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు. అడగడానికే సిగ్గుపడితే తెలిసిన లెక్క కూడా అక్కరకు రాదు.

మొహమాటం వదలాలంటే కోపం తెచ్చుకోనక్కర్లేదు, గొంతు పెంచనక్కర్లేదు. చెప్పాల్సిన మాట ముందే తయారుగా ఉంటే చాలు. మేస్త్రీ ఎలాగూ ఇలా అంటాడు:

"ఏందన్నా, గింత తెలిసినోళ్లం, నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు తమ్మీ. నీకు పది పనులుంటయి, నాకు మతిమరుపు. ఏం అనుకున్నమో ఇద్దరికీ యాదుండాలె గదా. రాసుకుందం."

పిల్లలు పట్నంలో ఉండి, ఊళ్లో ఒక్కతే ఉండే పెద్దామెకు ఇంకా సులువైన మాట ఉంది: "నా కొడుకు అడుగుతడు బిడ్డా, కాయితం సూపియ్యాలె." ఈ మాటలు ఇంట్లోవాళ్ల ముందు ఒకసారి పైకి అని చూడండి. మొదటిసారి తడబడినా అసలు బేరం రోజుకు నోరు తిరుగుతుంది. నిజాయతీగల మేస్త్రీ కాగితానికి భయపడడు. పని నడుస్తుండగా "ఇదొక్కటి చెయ్యి, అదొక్కటి చెయ్యి" అని పెంచుకుంటూ పోయి, చివర్లో లెక్క ఎగ్గొట్టే ఇంటివాళ్లూ ఉన్నారు. ఆ కాగితం ఆయన కష్టాన్నీ కాపాడుతుంది.

వడగళ్ల మర్నాడు

2023 మార్చిలో మర్పల్లి, మోమిన్‌పేట్ వైపు వడగళ్లు పడి నేలంతా తెల్లగా పరుచుకున్నాయి. అలాంటి వాన వెలిసిన మర్నాడు, రేకులు పలిగి ఇంట్లోకి ఆకాశం కనపడుతున్నప్పుడు, ఒక మనిషి బండి మీద వచ్చి వాకిట్లో ఆగితే దేవుడు పంపినట్టే అనిపిస్తుంది. "పక్క ఊళ్లో పని నడుస్తున్నది, సరుకు మిగిలింది, సగం ధరకే చేసిపోతా, ఇప్పుడే చెప్పాలె" అంటాడు. ఈ నాలుగు ముక్కలూ ఒకే నోట వినపడితే ఆ పని ఇవ్వకండి.

ఇది మన దగ్గరే ఉన్న బాధ కాదు. తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన డల్లాస్ చుట్టుపక్కల కూడా వడగళ్లు పడగానే పైకప్పు కాంట్రాక్టర్లు ఇల్లిల్లూ తిరుగుతారు. టెక్సాస్‌లో ఆ పనికి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు లేదు. బీమాలో ఇంటివాళ్లు భరించాల్సిన వాటాను తామే మాఫీ చేస్తామని కాంట్రాక్టర్లు ఆశపెట్టడం ఎక్కువై, దాన్ని నిషేధిస్తూ అక్కడ 2019లో చట్టం తెచ్చారు. అమెరికాలో ఇంటికొచ్చి కుదుర్చుకున్న ఒప్పందాలు చాలావాటిని మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కు 1970ల నుంచే ఉంది. మన దగ్గర గుమ్మం ముందు మాటిచ్చి బయానా పెట్టాక అలా వెనక్కి తీసుకునే గడువు లేదు. కాబట్టి ఆ మూడు రోజులూ బయానాకు ముందే మీకు మీరు పెట్టుకోవాలి. అంతవరకూ ఒక టార్పాలిన్ కప్పి తాడు బిగించండి. దాని ఖర్చు, తొందరపడి ఇచ్చే బయానాలో పదోవంతు కూడా ఉండదు.

ముందు కారణం తేలాలి

ధర అడగడానికి ముందు అసలు ఏం చెడిందో తెలియాలి. గోడ పగులునే తీసుకోండి. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది, దాని మీది పునాది కదులుతుంది, గోడ పగులుతుంది. ఆ పగులు మీద పుట్టీ రుద్ది రంగు కొడితే ఒక ఎండాకాలం కనపడకుండా ఉంటుంది, అంతే. పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కనే తేదీ వేయండి. నెల తర్వాత పగులు ఆ గీత దాటి ఉంటే అది పుట్టీ పని కాదు, ఇంజనీరు చూడాల్సిన పని. దాటకపోతే మేస్త్రీ చాలు. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఎన్ని వేల రూపాయల పనికిరాని ప్లాస్టరింగును ఆపగలదో!

స్లాబ్ కారుతుంటే "కెమికల్ కొడతా" అంటారు. ఏ కెమికల్? డబ్బా మీద పేరేమిటి, నా స్లాబుకు ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య ఎంతసేపు ఆరనివ్వాలి? ఈ నాలుగింటికి జవాబు లేనివాడు తెల్లరంగు కొట్టి పోతాడు. పని బాగా చేశాడా లేదా తెలియడానికి వానకోసం ఎదురుచూడక్కర్లేదు. కోట్లు పూర్తిగా ఆరాక నీళ్లుపోయే గొట్టాలు మూసి, అంచులకు మట్టికట్ట వేసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. కింద గది కప్పు మీద ఎక్కడా చెమ్మ మచ్చ రాకూడదు. ఈ పరీక్ష అయ్యాకే ఆఖరి డబ్బు అని ముందే రాసుకోవాలి. అయితే కింద పెచ్చులూడి రాడ్లు బయటపడిన స్లాబు మీద నీళ్లు నిలపకండి. దాన్ని ముందు ఇంజనీరుకు చూపించాలి.

కారణం తేలాక పని జాబితా ఒకటి రాసి, అదే జాబితా ముగ్గురికి ఇచ్చి ధర అడగండి. ఒకరు లేబర్ గుత్తకు చెప్పి, ఇంకొకరు మెటీరియల్‌తో సహా చెబితే పోల్చడానికి వీలుండదు. మొత్తం లక్షా ఇరవై అని ఒకే అంకె చెప్పేవాణ్ని విడివిడిగా చెప్పమనండి. ఆయన ఇంతకుముందు చేసిన పని చూడ్డానికి వెళ్లినప్పుడు నెల కిందటి ఇల్లు చూపిస్తే లాభం లేదు. రెండు వానాకాలాలు దాటిన ఇల్లు చూపించమనండి. ఆ ఇంటావిడను పక్కకు పిలిచి, "పని అయినంక పిలిస్తే మళ్లొచ్చిండా?" అని అడగండి. ఇద్దరికంటే మూడో ఆయన ధర బాగా తక్కువ ఉంటే సంతోషపడే ముందు, జాబితాలో ఏది వదిలేశాడో వెతకండి.

కాగితం మీద ఏముండాలంటే: ఏ పని, ఎంత కొలత, ఏ సరుకు, సరుకు ఎవరు తెస్తారు, ఎప్పుడు మొదలు, ఎప్పటికి పూర్తి, డబ్బు ఏ దశలో ఎంత, ముందు అనుకోని పని వస్తే దాని ధర చేసేముందు రాసుకోవాలని ఒక మాట. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, ఆయన ఆధార్ జిరాక్సు. వంద రూపాయల బాండ్ పేపర్ మీద రాస్తే మంచిదే, కానీ అది దొరకలేదని అసలే రాసుకోకపోవడం తప్పు. ఇంకో ముక్క తప్పకుండా ఉండాలి: నీళ్లు కొట్టే బాధ్యత ఎవరిది? ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం పది రోజులు తడిగా ఉంచాలి. "మీరు నీళ్లు సరిగ్గ కొట్టలె, అందుకే పలిగింది" అన్న మాటతో ఎన్నో తగాదాలు ఇంటివాళ్ల మీదికే తిరుగుతాయి.

డబ్బు పని వెనకే రావాలి

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని పెట్టుకోండి: ఏ రోజు లెక్క చూసినా, చిన్న బయానా మినహా మీరిచ్చిన డబ్బు అప్పటికి జరిగిన పనిని దాటి ఉండకూడదు. పని ఆగిపోయేది, ఫోన్ ఎత్తనిది, మనిషి తాండూరులో ఇంకో పని ఒప్పుకునేది డబ్బు పనిని దాటిపోయాకే.

దీనికి మన ఊళ్లలోనే ఉదాహరణ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ పథకంలో కట్టని ఇళ్లకూ బిల్లులు లేచాయన్న ఆరోపణల మీద 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. 2024 మార్చిలో భద్రాచలంలో ప్రారంభించిన ఇప్పటి ఇందిరమ్మ ఇళ్ల పథకంలో రూ.5 లక్షల సాయాన్ని నాలుగు దశల్లో ఇస్తున్నారు. బేస్‌మెంట్ లేచాక ఫోటో తీసి, స్థలం గుర్తుతో సహా ఎక్కిస్తేనే మొదటి బిల్లు. గోడలకు, స్లాబుకు, ఆఖరి పనికి కూడా ఇదే పద్ధతి. మీ వాడలో ఎవరికైనా ఆ ఇల్లు వచ్చి ఉంటే ఈ క్రమం మీకు తెలిసే ఉంటుంది. సర్కారే పని చూసి డబ్బు వేస్తున్నప్పుడు, మీరు అలా అడిగితే తప్పేముంది?

లక్ష రూపాయల మరమ్మతు అనుకుందాం. బయానా పదివేలు చాలు. సిమెంటు, ఇసుక, రేకుల డబ్బు మేస్త్రీ చేతికి కాకుండా దుకాణానికి మీరే కట్టి, మీ పేరు మీద బిల్లు తీసుకోండి. కూలి డబ్బు వారం వారం, ఆ వారం నడిచిన పనికి సరిపడా ఇవ్వండి. మేస్త్రీకీ వారం చివర తన కింది మనుషులకు ఇచ్చుకోవాల్సి ఉంటుంది, అక్కడ బిగబట్టడం న్యాయం కాదు. పదిహేను వేల దాకా పని పరీక్షించేవరకూ ఆపాలి. నడుమ ఎప్పుడైనా "ఇంకో ఇరవై వేలు ఇస్తే రేపు సామాను దింపుతా" అంటే, సామాను దిగాకే డబ్బు అని చెప్పండి. ఇచ్చిన ప్రతి పైసాకూ సంతకం కావాలి. ఐదువేలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఫోన్‌పేలో పంపితే కింద "స్లాబ్ పని, రెండో విడత" అని రాయండి. రెండేళ్ల తర్వాత ఆ నాలుగు మాటలే సాక్ష్యం.

అప్పుడప్పుడు కూలీలను కూడా పలకరించి, మీ డబ్బు మీకు ముడుతున్నదా అని అడగండి. కాంట్రాక్టరు ఎగ్గొట్టి పోతే వాళ్లు నిలబడేది మీ గుమ్మంలోనే. పొట్ట చేతపట్టుకుని ఎక్కడినుంచో వచ్చినవాళ్లు వాళ్లు.

టేపు, కాంటా

తాండూరు బండలు మన జిల్లా సొత్తు. వాటితోనే మనల్ని మోసం చేస్తే మరీ బాధ. బండ రెండడుగులకు రెండడుగులు అని బిల్లులో ఉంటుంది. టేపు పెడితే 22 అంగుళాలకు 22 వస్తుంది. చూపుకు తేడా తెలియదు. లెక్క వేస్తే బండకు 4 చదరపు అడుగుల బదులు 3.36 మాత్రమే. వంద బండలకు 64 చదరపు అడుగులు లేని రాయికి డబ్బు కట్టినట్టు. ట్రాలీ దింపుతుండగానే నాలుగైదు బండలు తీసి నిడివి, వెడల్పు, మందం మూడూ కొలవండి. పరిచినందుకు కూలి లెక్కగట్టేటప్పుడు బండల లెక్క కాదు, గది కొలత చూసి కట్టండి.

రాడ్లదీ అంతే. పూర్తి నిడివి 12 మీటర్ల రాడ్డు 8 ఎంఎం అయితే దాదాపు 4.74 కిలోలు తూగాలి, 10 ఎంఎం అయితే 7.4, 12 ఎంఎం అయితే 10.66. ఎంఎం అంకెను దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. ఈ లెక్క ఫోన్‌లో ఎవరైనా వేయగలరు. చిన్న రాడ్లకు ఏడెనిమిది శాతం తేడాను ఒప్పుకోవచ్చు. 8 ఎంఎం రాడ్డు నాలుగుంపావు కిలోలు కూడా తూగకపోతే అది పేరుకే 8 ఎంఎం. ఊళ్లో పత్తి తూచే కాంటా చాలు దీనికి.

సిమెంటు బస్తా మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన వారం చూడండి. మూడు నెలలు దాటినదాని బలం తగ్గుతుంది. ఐదంగుళాల స్లాబ్ వంద చదరపు అడుగులకు సరైన పాళ్లలో పోస్తే తొమ్మిది, పది బస్తాలు పడతాయి. మేస్త్రీ ఆరింటితో సరిపెడితే మిగిలింది మీకు పొదుపు కాదు. ఖాళీ సంచులు పని అయ్యేదాకా పారేయనివ్వకండి, సాయంత్రం పూట లెక్కపెట్టి నోటుబుక్కులో వేసుకోండి.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు బాగుచేయించేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో ఫోటో వస్తుంది, డబ్బు పోతుంది. ఫోటో ఏ ఇంటిదో, ఏ రోజుదో తెలియదు. డబ్బు వేసే ముందు వీడియో కాల్ చేయండి. గేటు దగ్గర మొదలై, ఇంటి నంబరు చూపించి, పని జరిగిన చోట టేపు పట్టుకుని చూపించమనండి. ఆ కాల్ మేస్త్రీతో కాకుండా ఇంట్లోవాళ్లతో చేయండి. ఊళ్లో కాకనో పెద్దబాపునో లెక్క చూడమన్నప్పుడు, ఆ మాట మేస్త్రీ ఎదుటే చెప్పండి. అధికారం ఎవరిదో తెలియని చోట పెద్దవాళ్లను బెదిరించి సంతకాలు పెట్టించుకుంటారు.

మోసం జరిగాక

అన్నీ చూసుకున్నా ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. అప్పుడు మొదట చేయాల్సింది, కోపంలో ఇంకొకరిని పిలిచి ఆ చెడిన పనిని సరిచేయించకుండా ఆగడం. చెడినది చెడినట్టే ఫోటోలు, వీడియో తీసి, డిప్లొమా లేదా డిగ్రీ ఉన్న సివిల్ ఇంజనీరు చేత ఏం లోపమో, సరిచేయడానికి ఎంతవుతుందో సంతకంతో రాయించుకోండి. తర్వాత రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో కాంట్రాక్టరుకు ఉత్తరం: ఇన్ని రోజుల్లో సరిచెయ్యి, లేదా డబ్బు తిరిగివ్వు.

ఇల్లు కట్టడం కూడా సేవేనని, లోపం ఉంటే వినియోగదారుడు అడగవచ్చని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కాంట్రాక్టరు ఏ ఊరివాడైనా మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించినది ఐదు లక్షల దాకా అయితే ఫీజు లేదు. 1915కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడితే దారి చెబుతారు. 2025 నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. గుత్తకు ఇచ్చిన పని సేవ కిందికి వస్తుంది. రోజు కూలికి మనుషులను పెట్టుకుని, దగ్గరుండి మీరు చెప్పినట్టు చేయించుకున్న పనికి ఆ దారి కష్టం.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లేటప్పుడు కూడా ఇలాంటి తేడాయే. పని బాగా చేయకపోవడం నేరం కాదు. మొదటినుంచీ చేసే ఉద్దేశమే లేక డబ్బు తీసుకుని మాయమైతే అది మోసం. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది. అదే మనిషి ఇంకో ఇద్దరి దగ్గర కూడా బయానా తీసుకుని పోయాడని తెలిస్తే ముగ్గురూ కలిసి వెళ్లండి, అప్పుడు ఉద్దేశం రుజువవడం తేలిక.

ఈ రెంటికీ ముందు లోక్ అదాలత్ దారి ఉంది. 15100 న్యాయసేవల నంబరు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఊళ్లో పెద్దమనుషుల ముందు తేల్చుకున్నా మంచిదే, కానీ అక్కడ కూడా ఎంత, ఎప్పటిలోగా అన్నది రాయించి సంతకాలు పెట్టించుకోండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు రెండేళ్లు. "వచ్చే నెల వచ్చి చేసిపెడతా" అని ఆయన నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పినా ఆ గడువు మీకోసం ఆగదు.